ఘాట్ లైన్ గూడ్స్ షెడ్డు 1:87లో: గోడల నుంచి చెమ్మ మరకల దాకా

1200 × 450 మి.మీ. పలక మీద కట్టిన రైల్వే నమూనా ఇది. దాని మీద రెండు పట్టాల దారులు, ఒక గూడ్స్ షెడ్డు, షెడ్డుకు ఆనించి చిన్న ఆఫీసు గది, వెనక కొండను తొలిచిన రాతి గోడ. స్కేలు హెచ్ఓ, అంటే 1:87; నిజంలో 87 మి.మీ. ఉన్నది ఇక్కడ ఒక మి.మీ. తరహా కొత్తవలస–కిరండూల్ రైలు దారిలో కొండలెక్కే ఘాట్ భాగానిది. ఏ ఒక్క స్టేషనుకూ నకలు కాదు, చాలా చోట్ల కనిపించే వాటిని ఒకచోట చేర్చిన ఊహా స్థలం. కాలం 1990లు, రుతువు వానలు వెనకబట్టి ఎండ మొదలైన రోజులు. నమూనా నిలవాల్సింది విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపున్న ఇంట్లో, ఏసీ లేని గదిలో. పని జులైలో మొదలై నవంబరులో తేలింది. గాలిలో చెమ్మ 80 శాతం దాటే రోజులన్నీ పని మధ్యలోనే పడ్డాయి.

ఇలాంటి పనిలో నీరు రెండుసార్లు అడ్డొస్తుంది. మొదటిది నిజం నీరు. అది అట్టను వంచుతుంది, వార్నిష్‌ని తెల్లబరుస్తుంది, జిగురును ఆరనివ్వదు. రెండోది బొమ్మలోని నీరు. కప్పు మీద పడ్డ వాన ఎటు జారింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ చిందింది అన్నది తేల్చుకోకుండా వేసిన మరక మరకలా ఉండదు, ఒట్టి మురికిలా ఉంటుంది. చలిదేశాల పాఠాలు చూసి బొగ్గు మసి, బూడిద రంగు పులిమేస్తే ఘాట్ లైను రాదు. ఆ లైను 1980ల మొదట్లోనే విద్యుదీకరణ అయింది. 1990ల షెడ్డు కప్పు మీద ఇంజిన్ మసికి చోటే లేదు.

కొలతలు

షెడ్డుకు నిజ కొలత 24 × 9 మీటర్లు అనుకున్నాం. 1:87లో 276 × 103.5 మి.మీ. మూడు మీటర్లకో ఇటుక స్తంభం చొప్పున ఎనిమిది అంకణాలు, ఒక్కో అంకణం 34.5 మి.మీ. ఆఫీసు గది 4.5 మీటర్ల చదరం, అంటే సుమారు 52 మి.మీ. ప్లాట్‌ఫాం మీది నుంచి చూరు దాకా మరో 52.

ఫొటోలోంచి కొలత తీయడానికి ఇటుకను మించిన స్కేలు లేదు. పాత 9 అంగుళాల ఇటుక మందం 3 అంగుళాలు. మధ్యలో 10 మి.మీ. మాలు కలిపితే వరుసకు 86 మి.మీ. తలుపు పక్కన 24 వరుసలు లెక్కకొస్తే తలుపు ఎత్తు 2.06 మీటర్లు. పెచ్చు ఊడిన చోటు ఒక్కటి ఫొటోలో పడితే చాలు, మిగతా గోడంతా దాన్నుంచి లెక్కగట్టొచ్చు. ఫొటోలు ప్లాట్‌ఫాం మీది నుంచో, రైలు కిటికీలోంచో, రోడ్డు మీది నుంచో తీసుకోవాలి. టేపు పట్టుకుని పట్టాల మీదికి దిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం.

పట్టాల దగ్గర ఒక రాజీ తప్పదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. 1:87లో అది 19.26 అవ్వాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టాలు, చక్రాలు అన్నీ 16.5 మి.మీ.వే. చక్రాలతో సహా మార్చుకునే ఓపిక లేనివాళ్లు 16.5 దగ్గరే ఆగి, భవనాలను మాత్రం 1:87 తప్పకుండా కట్టుకోవడం మేలు. పట్టా ఇరుకుగా ఉందన్నది పక్క నుంచి చూస్తే తెలియదు. తలుపు ఎత్తు తప్పితే మాత్రం పక్కన మనిషి బొమ్మ పెట్టగానే బయటపడుతుంది.

ప్లాట్‌ఫాం అంచు విషయంలో స్కేలు లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. గూడ్స్ ప్లాట్‌ఫాం ఎత్తు 1065 మి.మీ., నమూనాలో 12.2. దీంతో పేచీ లేదు. దారి మధ్య నుంచి అంచుకు దూరం 1675 మి.మీ., నమూనాలో 19.25. ఖనిజం మోసే పైకప్పు లేని బాక్స్ఎన్ వ్యాగన్ వెడల్పు 3200 మి.మీ., నమూనాలో సగం వెడల్పు 18.4. మధ్యలో మిగిలేది 0.85 మి.మీ. బొమ్మ చక్రాలకు పట్టాల మధ్య ఉండే వదులు, కాస్త వంకరగా కూర్చున్న బాడీ చేరితే వ్యాగన్ అంచును గీక్కుంటూ పోతుంది. దూరాన్ని 21 మి.మీ.కి పెంచాం. ప్లాట్‌ఫాం పక్కనంతా దారి తిన్నగా ఉంది కాబట్టి అది సరిపోయింది. వంపులో అయితే అది కూడా చాలదు. అక్కడున్న అన్నిటికన్నా పొడుగు వ్యాగన్‌ను చేత్తో తోసి చూసి గీత గీసుకోవాలి.

గోడకు ఏ పలక

మొదటి గోడ 5 మి.మీ. ఫోమ్ బోర్డుతో వేశాం. కొయ్యడం తేలిక, చవక. రెండు రోజులకు 276 మి.మీ. పొడవులో 4 మి.మీ. విల్లులా వంగింది. కారణం తేలికే: ఆ బోర్డుకు రెండు పక్కలా కాగితం ఉంటుంది. బయటి పక్క నీళ్ల రంగు తాగి సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంది. లోపలి పక్క అలాగే ఉంది. లోపలా అంతే రంగు వేస్తే కొంత సర్దుకుంటుంది గానీ, గాలిలో చెమ్మ మారిన ప్రతిసారీ మళ్లీ కదులుతూనే ఉంటుంది. ఎండీఎఫ్ (చెక్క పొట్టును అదిమి చేసిన పలక) వంగలేదు, కానీ కోసిన అంచులు నీళ్ల రంగుకు ఉబ్బాయి. కిటికీ చట్రాలు ఇరుక్కున్నాయి.

నిలిచింది 3 మి.మీ. సన్‌బోర్డు. బోర్డులు రాసే ఫ్లెక్స్ షాపుల్లో ముక్కలు దొరుకుతాయి. పీవీసీ నురుగు కాబట్టి నీరు తాగదు. దాని చిక్కులు వేరు. ఫెవికాల్ పట్టదు. ఆరినట్టే ఉండి గోరుతో లాగితే పొరలా వచ్చేస్తుంది. మూలలకు ఫెవిక్విక్ చుక్కలు, లోపలి వైపు 5 మి.మీ. చదరపు ముక్కలు ఆసరాగా అంటించాం. పైపులకు వాడే పీవీసీ సొల్యూషన్ బలంగా పట్టుకుంటుంది, కానీ పుల్ల మొనతో అద్దినంత చాలు. ఎక్కువైతే నురుగు కరిగి గోడ ముఖం మీద గుంట పడుతుంది. రంగు నిలవాలంటే 400 నంబరు ఎమిరీ పేపరుతో నునుపు పోయేలా రుద్ది ప్రైమర్ వేయాలి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో సన్‌బోర్డు నమూనాను వదలొద్దు. మెత్తబడి కుంగిందంటే మళ్లీ తిన్నగా రాదు.

ఇటుకల లెక్క 1:87లో బాగా కుదిరింది. వరుసకు 1 మి.మీ., మాలుతో కలిపి ఇటుక పొడవు 2.75 మి.మీ. సన్‌బోర్డు పైపొర మీద మొండి సూదితో గీతలు దిగుతాయి. పదును సూది అయితే పొర చీరి నూగు లేస్తుంది. అడ్డగీతలు స్కేలుతో, నిలువు గీతలు చేత్తో. ఇంగ్లిష్ బాండ్‌లో ఒక వరుస పొడవు ఇటుకలు, పై వరుస తల ఇటుకలు కాబట్టి తల వరుసలో నిలువు గీతలు 1.4 మి.మీ.కి ఒకటి. గోడంతా గీయాల్సిన పని లేదు. పూత ఉన్న గోడలో ఇటుక కనబడేది స్తంభాల అంచుల్లో, పెచ్చులు ఊడిన చోట మాత్రమే.

పెచ్చులు ఎక్కడ ఊడతాయి

సిమెంటు పూత నిజంలో 12 నుంచి 20 మి.మీ. మందం. నమూనాలో అది 0.14 నుంచి 0.23. ఇంత పలచగా సమానంగా వేయాలంటే ఇటుక గీసిన చోటు చుట్టూ మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించి, ఆ టేపు మందమే కొలతగా వాల్ పుట్టీని పాత ఏటీఎం కార్డు అంచుతో లాగాలి. పుట్టీని ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్ల మిశ్రమంతో పెరుగంత పలచన చేసుకోవాలి. మందం ఎక్కువైతే ఆరాక బీటలిస్తుంది. ఆ బీటలు 1:87లో పిడికిలి పట్టేంత పగుళ్లలా కనిపిస్తాయి. పుట్టీ ఇంకా పచ్చిగా ఉండగానే టేపు లాగేయాలి. పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు మనం అనుకోని చోట విరుగుతుంది. ఒక్కోసారి అదీ మంచికే.

ఎక్కడ ఊడాలన్నది ఇష్టప్రకారం కాదు. మూడే చోట్లు ఎంచుకున్నాం. మొదటిది గోడ అడుగు మీటరు, అంటే 11 మి.మీ. నేల చెమ్మ ఇటుకలోంచి పైకెక్కి, ఆరిన చోట ఉప్పు పొంగి పూతను బయటికి నెడుతుంది. రెండోది లారీ వెనక్కి వచ్చి తగిలే స్తంభాల రోడ్డు వైపు మూలలు. లారీ బాడీ నేల ఎత్తున్న చోట, అంటే నేల నుంచి 12–15 మి.మీ. మధ్య. మూడోది కప్పు కారే చోటు. గోడ నడిమధ్యన, కిటికీకి దూరంగా, ఏ కారణమూ లేకుండా ఊడిన పెచ్చు అందంగా ఉన్నా అబద్ధమే. చెమ్మ ఎక్కిన గీత పైఅంచున తెల్లటి ఉప్పు సన్నగా, తెగుతూ తెగుతూ ఉంటుంది. దాన్ని తెల్ల సాఫ్ట్ పాస్టెల్ పొడితో, దాదాపు ఆరిన బ్రష్‌తో అద్దాం.

బిర్యానీ డబ్బా రేకులు

ఈ పనిలో ఎక్కువ రోజులు తిన్నది కప్పు. షెడ్డుకు వేసింది సిమెంటు రేకులు. వాటి ప్రామాణిక కొలతలు: వెడల్పు 1.05 మీటర్లు, అల నుంచి అలకు 146 మి.మీ., అల లోతు 48, మందం 6. 1:87లోకి తెస్తే వెడల్పు 12 మి.మీ., అలకు 1.68, లోతు 0.55, మందం 0.07. మందం చూసిన వెంటనే గుర్తొచ్చేది బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా. దాని మందం ఇంచుమించు అంతే. మెత్తగా ఉంటుంది, నొక్కిన ఆకారంలో నిలుస్తుంది. కూల్‌డ్రింక్ టిన్ను పనికిరాదు. అది స్ప్రింగులా వెనక్కి లేస్తుంది.

అచ్చుకు 16 గేజ్ జీఐ తీగ. దాని మందం 1.63 మి.మీ. 30 మి.మీ. ముక్కలు ఎనిమిది తిన్నగా సాగదీసి, ఒకదాని పక్కన ఒకటి ఆనించి, గట్టి చెక్క మీద అరాల్డైట్‌తో అంటిస్తే అల నుంచి అలకు 1.63 వస్తుంది. అసలు లెక్కకు మూడు శాతం తేడా. కంటికి అందదు. డబ్బా అడుగు భాగంలోని సాదా రేకును కోసి, అచ్చు మీద పెట్టి, ఐస్‌క్రీం పుల్ల అంచుతో ముందు మధ్య గాడి, తర్వాత ఒక్కో పక్కకు ఒక్కో గాడి నొక్కుతూ పోవాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే రేకు లాగుకుపోయి వంకరవుతుంది. పుల్ల తీగల మధ్య సందు అడుగుదాకా దిగదు. అందువల్లే లోతు తీగ సగం మందమైన 0.8 కాకుండా 0.5 దగ్గర ఆగుతుంది. కావలసిందీ అదే. రేకును నొక్కాకే 12 మి.మీ. వెడల్పుకు కోయాలి. ముందే కోస్తే అలలు పడ్డాక కురచబడుతుంది.

లెక్క ఇలా. కప్పు వాలు మూడింటికి ఒకటి, అంటే 18 డిగ్రీల పైచిలుకు. చూరు 0.6 మీటర్ల పైన బయటికి. ఒక పక్క వాలు పొడవు 62.5 మి.మీ. దానికి కింద నుంచి 2 మీటర్లు, 2 మీటర్లు, 1.75 మీటర్ల రేకులు మూడు వరుసలు, అంటే 23, 23, 20 మి.మీ. వరుస మీద వరుస 150 మి.మీ. ఎక్కుతుంది, నమూనాలో 1.7. పక్క రేకు మీదికి కాస్త ఎక్కితే ఒక్కో రేకు కప్పేది 11.6 మి.మీ. షెడ్డు పొడవుకు రెండు కొసల్లో చూరు కలుపుకుని 25 రేకులు. ఇరవై అయిదు మూళ్లు డెబ్బై అయిదు, రెండు పక్కలా నూట యాభై. పాడయ్యేవాటికి ఇంకో ఇరవై.

నాలుగు రేకులు కలిసే మూలలో నాలుగు పొరలు పడి 0.3 మి.మీ. గుబ్బ లేస్తుంది. నిజం షెడ్డులో మేస్త్రి అక్కడ మధ్య రెండు రేకుల మూలలను ఏటవాలుగా కోస్తాడు. నమూనాలోనూ అలాగే కొయ్యాలి. లేకపోతే పైవరుస అంతా అలలు తేలిపోతుంది. కప్పు అడుగున 2 మి.మీ. సన్‌బోర్డు పలక ఉంది. దాన్ని చూరుకు 15 మి.మీ. లోపలే ఆపేశాం. చూరు కింద రేకు అలలు, పాత పీవీసీ కార్డు ముక్కల్లోంచి కోసిన 0.76 మి.మీ. పట్టీలతో చేసిన ఇనుప దూలాల చట్రం కనబడాలి కదా. లోపలి చట్రాలు కనబడవు. అక్కడ చేసిన పనంతా వృథా.

అల్యూమినియానికి రంగు పట్టించడమే అసలు తలనొప్పి. వంటనూనె జిడ్డు ఏ మూల మిగిలినా ప్రైమర్ పెచ్చులుగా లేస్తుంది. విమ్ నీళ్లలో కడిగి, పది నిమిషాలు వెనిగర్‌లో నానబెట్టి, మళ్లీ కడిగి, అంచులు తప్ప ముట్టుకోకుండా ఆరబెట్టాలి. అతికించడానికి అరాల్డైట్ పలచగా. ఫెవిక్విక్ ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొగలా అంటుకుంటుంది. ప్రైమర్ మీద అది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

రేకులను అతికించడానికి ముందే మూడు రంగుల్లో వేసుకున్నాం: తొంభై ముదురు బూడిద, నలభై అయిదు కాస్త లేతవి, పదిహేను గోధుమ చాయవి. కలగలిపి పెడితే కప్పు ఒకే పలకలా కనిపించదు. నాలుగు రేకులు మాత్రం కొత్తవాటిలా లేత బూడిదలో. వాటిని కప్పు నడిమధ్య పెట్టకూడదు. గాలి కప్పును పైకి లాగే బలం అంచుల్లో, మూలల్లో ఎక్కువ. పెనుగాలికి ముందు లేచేవి ఆ రేకులే, మార్చేవీ అవే. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

ఆఫీసు గది కప్పుకు బెంగుళూరు పెంకు. మనవైపు పేరు అది, పుట్టిల్లు మంగుళూరు. పెంకు కనబడే భాగం సుమారు 320 × 210 మి.మీ., నమూనాలో 3.7 × 2.4. ఐవరీ కార్డును 4.7 మి.మీ. పట్టీలుగా కోసి, కింది అంచున 2.4కి ఒక గాటు పెట్టి, కింద నుంచి పైకి వరుసలుగా అతికించాం. ఒక పక్కకు తొమ్మిది వరుసలు. కార్డు చెమ్మ తాగకుండా ఫర్నిచర్‌కు వేసే స్పిరిట్ పాలిష్ రెండు పూతలు. ఆగస్టు సాయంత్రం వాన పడుతుండగా వేసిన పూత పాలలా తెల్లబడింది. స్పిరిట్ ఆరేటప్పుడు చుట్టూ గాలిని చల్లబరిచి, అందులోని చెమ్మను పూత మీదికి దింపుతుంది. గుడ్డతో స్పిరిట్ అద్ది, టేబుల్ ల్యాంపు కింద ఆరనిస్తే తెలుపు పోయింది. మ్యాట్ వార్నిష్ స్ప్రేకూ ఇదే జబ్బు. గాలిలో చెమ్మను కొలిచే హైగ్రోమీటరు 65 శాతం లోపు చూపిస్తేనే స్ప్రే చేయాలి, లేకపోతే ఆ రోజుకు డబ్బా పక్కన పెట్టేయాలి.

నాలుగు ఎరుపులు

ఘాట్ లైను నమూనాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అన్నిటికీ ఒకే బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) పూసేస్తారు. నిజానికి ఆ స్థలంలో నాలుగు వేరు వేరు ఎరుపులున్నాయి, నాలుగూ వేరు దారుల్లో వచ్చినవి.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్ల గనుల నుంచి విశాఖ రేవుకు వచ్చే ముడి ఇనుము ధూళి ఒకటి. అది హెమటైట్: కాస్త ఊదా చాయ, మెరుపు లేని మెరూన్. దీనికి ఇండియన్ రెడ్ మూడు పాళ్లు, నలుపు ఒకటి, రా అంబర్ చిటికెడు. ఇండియన్ రెడ్ పుట్టిందే ఐరన్ ఆక్సైడ్‌లోంచి కాబట్టి రంగు కుదరడంలో వింతేమీ లేదు. రెండోది కొండ మట్టి. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి చివికి వచ్చేది నారింజ కలిసిన ఇటుక రంగు. బర్న్ట్ సియెన్నా రెండు, ఎల్లో ఆకర్ రెండు, తెలుపు ఒకటి. మూడోది తుప్పు. నడిమధ్య బర్న్ట్ అంబర్ ముదురు, అంచుకు వచ్చేసరికి నారింజ. నాలుగోది పెంకు. కాలిన మట్టి రంగు, వానవైపు వాలు మీద నల్లబారి ఉంటుంది. గోడ అడుగున వేసే రెడ్ ఆక్సైడ్ పట్టీని కూడా కలుపుకుంటే అయిదు.

ఈ రంగులను నమూనా ఉండబోయే గది దీపం కిందే కలపాలి. పసుపు బల్బు కింద నాలుగు ఎరుపులూ ఒకటైపోతాయి. తెల్ల అట్ట మీద నాలుగు చదరాలు వేసి మీటరు దూరం నుంచి చూస్తే విడివిడిగా తెలియాలి. తెలియకపోతే హెమటైట్‌లో నలుపు కాస్త పెంచి, మట్టిలో పసుపు పెంచాలి.

పొడిగా చల్లడానికి ఎర్రగచ్చుకు కలిపే రెడ్ ఆక్సైడ్ పొడి సరిపోతుంది. పెయింట్ల షాపుల్లో చవకగా దొరుకుతుంది, ముగ్గు పొడి కన్నా ఎంతో మెత్తన. గోరంత చాలు. ఎక్కువైతే తుడిచినకొద్దీ పాకుతుంది, పోదు.

వాన పోయాక

రుతువు ముందు తేల్చుకోవాలి అన్నది ఊరికే కాదు. మే నెల బొమ్మ అయితే ముడి ఇనుము ధూళి చదునుగా ఉన్న ప్రతి అంచు మీదా పేరుకుని ఉండాలి. వానలు వెనకబట్టిన అక్టోబరు అయితే కప్పు కడిగేసి ఉంటుంది. ధూళి మిగిలేది నీరు దాన్ని దించిన చోటే. మొదటి ప్రయత్నంలో దీన్ని పట్టించుకోక కప్పంతా సమానంగా ఎర్రపొడి చల్లాం. షెడ్డును తెచ్చి కుంకుమలో ముంచినట్టుంది. పొడి మొత్తం తడిగుడ్డతో తీసేయాల్సి వచ్చింది. వార్నిష్ వేయకముందు కాబట్టి బతికిపోయింది.

రెండోసారి నీటి వెంటే వెళ్లాం. కప్పు పైకొన దగ్గర ధూళి లేదు, ఎండకు వెలిసిన బూడిద రంగే. అలల మిట్టలు కాస్త లేత, గాడులు ముదురు. రేకు మీద రేకు ఎక్కిన గీత కింద నీరు ఆగి ఆరుతుంది కాబట్టి అక్కడ నల్లటి పాకుడు పట్టీ, దానికి ఆనుకుని పైన మెరూన్ ధూళి సన్నని గీత. ఉత్తరం వైపు వాలు దక్షిణం కన్నా బాగా నల్లన. చూరు అంచున మూడు మి.మీ. మేర అన్నిటికన్నా ముదురు. తుప్పు మరకలు బోల్టుల దగ్గరే మొదలవ్వాలి. సిమెంటు రేకు కింద ఆసరా దూలాలు 1.4 మీటర్లకు మించి దూరం ఉండవు. నమూనాలో 16 మి.మీ.కి ఒక వరుస. ఆ వరుసల మీద మాత్రమే సూది మొనంత తుప్పు చుక్కలు, వాటిలో మూడింటికి ఒకదానికే కిందికి జారిన గీత. అన్నిటికీ గీత లాగితే కప్పు చారల చొక్కాలా తయారవుతుంది.

చూరు అంచు కింద నేల మీద నీరు పడే గీత ఉంటుంది. మట్టి కొట్టుకుపోయి సన్నని కంకర తేలుతుంది. అక్కడి నుంచి చిందిన బురద గోడ మీద 450–600 మి.మీ. ఎత్తుదాకా, నమూనాలో 5–7 మి.మీ. దాకా చుక్కలు చుక్కలుగా పడుతుంది. అట్ట ముక్కతో పైభాగం మూసి, పాత టూత్‌బ్రష్‌ను కొండమట్టి రంగులో ముంచి బొటనవేలితో చిందించాం. ఇది కొండ మట్టి ఎరుపు, ముడి ఇనుము ఎరుపు కాదు. నీరు చిందించేది నేల మట్టినే. పట్టాల మధ్య, పట్టాకు రెండు పక్కలా 10–15 మి.మీ. మేర మాత్రం మెరూన్ రావాలి. అక్కడ రాలేది వ్యాగన్లలోని ఖనిజమే.

నల్ల వాష్‌కు (గాడుల్లోకి దిగే పలచని రంగు నీటికి) 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది చుక్కల ఇండియన్ ఇంక్. అక్రిలిక్ రంగు వేసిన మర్నాడే ఈ వాష్ వేస్తే రంగు ముద్దగా లేచి వచ్చింది. ఆల్కహాల్ పచ్చి అక్రిలిక్‌ను కరిగిస్తుంది. వారం ఆగి, బ్రష్‌ను ఒక్కసారే లాగాలి, మళ్లీ రుద్దకూడదు. వానాకాలంలో వారం కాస్తా పది రోజులు అవుతుంది. లాకర్ రకం మ్యాట్ వార్నిష్ మీద కూడా ఆల్కహాల్ పడకూడదు, తెల్లగా మారుతుంది. కాబట్టి వరుస ఇది: రంగు, ఆరిక, వాష్, ఆరిక, పాస్టెల్ పొడి, చివర్లో మ్యాట్ వార్నిష్ రెండు పలచని పూతలు. వార్నిష్ పడగానే పొడి సగానికి సగం మాయమవుతుంది. అందుకని పొడి కంటికి నచ్చిన దానికన్నా కొంచెం ఎక్కువే వేసుకోవాలి.

నేల, కంకర, రాయి

పలక నీటికి ఓర్చే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, 12 మి.మీ. రెండు ముఖాలకూ, అంచులకూ వార్నిష్. ఒక ముఖానికే వేస్తే ఫోమ్ బోర్డు కథే మళ్లీ.

కంకర నిజంలో పెద్ద రాయి 65 మి.మీ. నమూనాలో 0.75 దాటకూడదు. హెచ్ఓ పేరుతో అమ్మే కంకర చాలా వరకు దీనికన్నా పెద్దది. క్రషర్ డస్ట్‌ను టీ వడకట్టుతో, తర్వాత పాత నైలాన్ మేజోడుతో జల్లించి మధ్య భాగం తీసుకున్నాం. అయస్కాంతం రెండుసార్లు తిప్పడం తప్పనిసరి. ఇనుప రజను ఉంటే ఇంజిన్ మోటారులోకి లాగుకుపోతుంది. ఈ కారణంగానే బీచ్ ఇసుక అసలు వద్దు. విశాఖ, భీమిలి తీరపు ఇసుకలో మాగ్నటైట్, ఇల్మెనైట్ లాంటి నల్ల ఖనిజాలుంటాయి. పైగా అందులోని ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది, పట్టాల టంకాలను తినేస్తుంది. ఎర్ర మట్టి కోసం ఎర్రమట్టి దిబ్బల మీద కూడా చేయి వేయొద్దు. అది జాతీయ భూవారసత్వ స్థలం. ఏ ఇంటి పునాది తవ్వినచోట అడిగినా డబ్బాడు మట్టి ఇస్తారు. దాన్ని బాణలిలో అరగంట వేయించాలి. పచ్చి మట్టిలోని గుడ్లు, బూజు మూడో నెలలో బయటపడతాయి.

కంకరను పొడిగా పరిచి, బ్రష్‌తో స్లీపర్ల మీది నుంచి తోసేసి, ముందు ఆల్కహాల్ తుంపర, తర్వాత ఒక వంతు ఫెవికాల్, నాలుగు వంతుల నీళ్లు, ఒక చుక్క విమ్ కలిపిన జిగురును డ్రాపర్‌తో వదలాలి. తుంపర లేకుండా వదిలితే జిగురు ముత్యంలా నిలిచి కంకరను దొర్లించుకుపోతుంది. పాయింట్ల (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే చోట్ల) కదిలే భాగాల కింద జిగురు పోకుండా ముందే వాజ్‌లీన్ రాయాలి.

వెనక రాతి గోడకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు, నలిపిన ఫాయిల్ అచ్చుల్లో పోసినవి. ఖొండలైట్‌లో పొరలు ఒకే వాలులో సాగుతాయి. అచ్చు ముక్కలను ఇష్టమొచ్చినట్టు తిప్పి అతికిస్తే కొండ గుట్టగా పోసిన రాళ్లలా కనిపిస్తుంది. ప్రతి ముక్క వెనక పొర వాలును బాణంతో గుర్తు పెట్టుకుని అతికించాం. సెప్టెంబరులో ఈ ముక్కలు ఆరడానికి అయిదు రోజులు పట్టింది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా నీరుందని అర్థం. అలా తడిగానే రంగేసిన ఒక ముక్క మీద రెండు వారాలకు బూజు వచ్చింది, దాన్ని పీకేసి కొత్తది పెట్టాల్సి వచ్చింది.

పొదలకు స్పాంజిని మిక్సీలో నీళ్లతో కొట్టి రంగేసిన పొడి, చెట్ల కొమ్మలకు కరెంటు తీగలోని రాగి పోగులు. ఎండు టీ పొడి, రంపపు పొట్టు వాడలేదు. విశాఖ గదిలో రెండూ పురుగుకు మేతే.

పెట్టె

నమూనా మీద 4 మి.మీ. అక్రిలిక్ పెట్టె, అడుగున 100 గ్రాముల రంగు మారే సిలికా జెల్. పెట్టె మూసిన మొదటి నెల జెల్ పది రోజులకే రంగు మారింది. రాతి గోడలో, పుట్టీలో మిగిలిన తడి అంతా బయటికొచ్చింది. 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు గంటలు పెట్టి మళ్లీ వాడాం. తర్వాత మార్పు అయిదారు వారాలకు ఒకసారికి దిగింది. డిసెంబరులో ఆఫీసు కప్పు మీది రెండు పెంకు పట్టీల కొసలు అర మి.మీ. లేచాయి. అక్కడ స్పిరిట్ పాలిష్ పైముఖానికే పడింది, అడుగు ముఖానికి పడలేదు. సూదితో అడుగున ఒక చుక్క పాలిష్, పైన వేలితో అర నిమిషం నొక్కితే కూర్చున్నాయి.